వాయిదా పడని వెలుగు

కెమెరా లోపలి అద్దం ఒకటి తీసేసేసరికి యాభై అరవై ఏళ్ళనాటి లెన్సులకు మళ్ళీ పని దొరికింది. ఎస్సెల్లార్ కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఏటవాలుగా నిలబడి, లెన్సు చూసినదాన్ని మన కంటికి పంపేది. బటన్ నొక్కగానే టపీమని పైకి లేచి వెలుగుకు దారి ఇచ్చేది. అది లేచి పడటానికి చోటు కావాలి గనక లెన్సును ఫిల్ముకు దూరంగా బిగించక తప్పేది కాదు. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ కెమెరాలో ఆ దూరం 46.5 మిల్లీమీటర్లు. మరలాగా తిప్పి బిగించే ఎం42 లెన్సులకు 45.46. 2008లో పానసోనిక్ జీ1తో మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాక ఆ అద్దం పోయింది, దానికోసం ఉంచిన చోటూ పోయింది. సోనీ ఈ మౌంటులో దూరం 18 మిల్లీమీటర్లకు తగ్గింది, నికాన్ జెడ్‌లో 16కు. మిగిలిపోయిన ఆ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీలో గాజూ మోటారూ ఏమీలేని ఒక బోలు గొట్టం పెడితే చాలు, ఏ దేశంలోనో ఏ కాలంలోనో చేసిన లెన్సు ఈనాటి సెన్సర్ మీద బొమ్మ వేస్తుంది. ఆ గొట్టాన్నే అడాప్టర్ అంటున్నాం.

నా దగ్గరున్న గొట్టానికి ముందువైపు హీలియోస్ 44-2 బిగించి ఉంటుంది. ఆదోనిలో మూతపడిన ఒక స్టూడియో సామాన్లలో జెనిట్ కెమెరాతో సహా దొరికింది. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ సరుకు. సీరియల్ నంబరు 78తో మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీ లెన్సుల్లో మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి కాబట్టి దాని పుట్టుక 1978. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊరూరా తిరిగి, నున్నని కాగితం మీద అచ్చయిన రష్యన్ కథల పుస్తకాలను కారుచౌకగా అమ్మిన కాలం అది. 58 మిల్లీమీటర్ల ఈ లెన్సు నమూనా అసలు జర్మనీది. యుద్ధానికి ముందు జైస్ కంపెనీ చేసిన బయోటార్‌ను యుద్ధం తర్వాత సోవియట్ వాళ్ళు తమదిగా చేసుకున్నారు. జర్మన్ల ఆలోచన, రష్యన్ల గాజు, జపాన్ సెన్సర్. వీటన్నిటి ముందూ నిలబడింది కొలిమిగుండ్ల రోడ్డు పక్కన ఒక తుమ్మచెట్టు.

ఈ జత కుదిరాక నాకు పట్టుకున్న ఆలోచన ఒకటుంది. ముందువైపు లెన్సు ప్రతి విషయమూ ఇప్పుడే తేల్చుకోమంటుంది. వెనకవైపు సెన్సర్ రాసిపెట్టే రా ఫైలు, ఏదీ ఇప్పుడే తేల్చనక్కర్లేదు, ఇంటికెళ్ళాక చూసుకుందువులే అంటుంది. ఒకే పెట్టెలో ఇంత విరుద్ధమైన స్వభావాలు రెండు. ఏది ఇప్పుడే చేయాలి, ఏది తర్వాత చేయొచ్చు అన్న లెక్క తెలియడమే ఫొటోగ్రఫీలో సగం విద్య అని నాకు అనిపిస్తోంది. ఆ లెక్క నేర్పడానికి కర్నూలు, కడప జిల్లాల ఎండకంటే కఠినమైన పంతులు దొరకడు.

ముందు లెన్సుల మాట. పాత లెన్సుకు పెద్ద శత్రువు తేమ. కాకినాడ, విశాఖ మిత్రులు తమ పాత లెన్సులను దీపం వెలుగులో పట్టి చూపిస్తే గాజుల మధ్య సాలెపట్టులాంటి ఫంగస్ కనిపిస్తుంది. గాలి తేమగా ఉన్నచోట అది గాజు మీది పూతను తినేస్తుంది. వాళ్ళు గాలి చొరని డబ్బాలు, సిలికా జెల్ పొట్లాలు, కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్లు కొంటారు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మా రాయలసీమలో ఆ ఖర్చు చాలామందికి లేదు. పంటకు పనికిరాని పొడిగాలి లెన్సుకు మాత్రం ఆయుష్షు పోస్తుంది. అందుకే ఇక్కడి పాత స్టూడియో బీరువాల్లో నలభై ఏళ్ళు మూతపెట్టి ఉన్న లెన్సు కూడా నిర్మలంగా బయటపడుతుంటుంది. దుమ్ము ఉంటుంది, ఊదితే పోతుంది. ఇక్కడి బెడద వేరు. వేసవిలో 42, 43 డిగ్రీల వేడికి ఫోకస్ రింగులోని పాత గ్రీజు కరిగి, నూనెగా జారి అపర్చర్ రేకుల మీద చేరుతుంది. రేకులు జిగటగా అతుక్కుంటాయి. కారు డ్యాష్‌బోర్డు మీద లెన్సు మరిచిపోతే ఏమవుతుందో సీమలో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఈ ఎండ వైద్యం కూడా చేస్తుంది. 1960లలో పెంటాక్స్ వాళ్ళు చేసిన సూపర్ టకుమార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4 లెన్సుల్లో కొన్నిటి గాజులో థోరియం ఆక్సైడ్ కలిపారు. వెలుగును బాగా వంచే శక్తి, రంగులను విడదీయని గుణం రెండూ ఒకే గాజులో కావాలంటే అప్పట్లో అదొక దారి. థోరియం రేడియోధార్మిక పదార్థం. దాని ధాటికి గాజు లోపలి ఎలక్ట్రాన్లు చోటు తప్పి, ఏళ్ళు గడిచేకొద్దీ లెన్సు టీనీళ్ళ రంగుకు మారుతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ ఎలక్ట్రాన్లు మళ్ళీ సర్దుకుంటాయి, పసుపు విరుగుతుంది. చలిదేశాల వాళ్ళు దీనికోసం ప్రత్యేకమైన దీపాలు కొని వారాలపాటు వెలిగిస్తారు. మేము మార్గశిరంలో పొద్దునపూట డాబా మీద, కింద అల్యూమినియం రేకు పరిచి పెడితే సరిపోతుంది. మేనెలలో పెట్టకూడదు. గాజులను అతికించిన జిగురు ఊడుతుంది. థోరియం సగానికి తరగడానికి 1400 కోట్ల సంవత్సరాలు పడుతుంది కాబట్టి పసుపు మళ్ళీ వస్తూనే ఉంటుంది, మళ్ళీ ఎండ చూపిస్తూనే ఉండాలి.

ఇక పాత లెన్సుతో పనిచేయడం. కొత్త కెమెరాకు దీన్ని తగిలించగానే మొదట వచ్చే సమాధానం, లెన్సు లేదని. పాత లెన్సుకు కెమెరాతో మాట్లాడే తీగలు, చుక్కలు ఏమీ లేవు. లెన్సు లేకపోయినా షట్టర్ పడనివ్వు అని మెనూలోకి వెళ్ళి కెమెరాను ఒప్పించాలి. లోపలి వణుకు నివారణ పనిచేయాలంటే 58 అని చేతితో నమోదు చేయాలి. ఆటోఫోకస్ లేదు. అపర్చర్‌కు రెండు రింగులు, ఒకటి హద్దు పెడుతుంది, ఇంకొకటి ఆ హద్దుదాకా తిరుగుతుంది. ఫోకస్ రింగు ఎంత తిప్పినా తరగదు. అంచులు స్పష్టంగా ఉన్నచోట తెరమీద ఎర్రగా మెరిసే ఫోకస్ పీకింగ్ సాయపడుతుంది గానీ, ఎఫ్ 2 దగ్గర దాన్ని నమ్మితే కన్ను బదులు కనుబొమ్మ దొరుకుతుంది. బొమ్మను పెద్దదిచేసి చూసుకుని తిప్పాలి.

ఇదంతా జరిగేలోపు ఎదుట నిలబడ్డ మనిషి ఏం చేయాలి? కోవెలకుంట్ల దగ్గర శనగచేను గట్టున ఒక రైతు నా ముందు నిలబడి కాసేపు ఓపిక పట్టాడు. రింగు అటు తిప్పుతున్నాను, ఇటు తిప్పుతున్నాను.

"ఏందప్పా, నీళ్ళు పడేదాకా తిప్పుతావా ఏంది?" అన్నాడు.

బోర్లు వేయించి వేయించి అలసిన ప్రాంతంలో తప్ప ఇంకెక్కడా పుట్టని హాస్యం అది. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. ఫొటో మాత్రం నవ్వు అయిపోయి, ఆయన మళ్ళీ చేనువైపు చూడబోయే మధ్యక్షణంలో పడింది. ఆటోఫోకస్ లెన్సు అయితే నిలబడగానే టకటకా పది ఫొటోలు తీసి ఉండేది. వాటిలో ఫొటో కోసం బిగుసుకున్న మనిషి ఉండేవాడు. ఆలస్యం చేసే లెన్సు మనుషులకు బిగువు సడలే సమయం ఇస్తుంది. నేను దీన్ని గొప్పగా చెప్పడం లేదు. పరిగెత్తే దూడను, ఎగిరే పిట్టను, పెళ్ళిలో తాళి కట్టే క్షణాన్ని దీనికి అప్పగించేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. కూర్చున్న మనిషికీ నిలబడ్డ చెట్టుకూ సరిపోయే వస్తువు.

హీలియోస్‌కు పేరు తెచ్చింది దాని లోపమే. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక ఆకుల సందుల్లోంచి వెలుగు జల్లులా పడుతున్నచోట మనిషిని నిలబెడితే వెనకదంతా గిర్రున సుడి తిరుగుతుంది. అంచులవైపు వెళ్ళేకొద్దీ లెన్సు గొట్టం వెలుగును కొంత కత్తిరిస్తుంది, గుండ్రటి చుక్కలు బాదంకాయల్లా నొక్కుకుంటాయి, అంచుల్లో బింబం ఒక దిక్కుకు సాగుతుంది. అన్నీ కలిసి సుడి అవుతుంది. లెన్సుల లెక్కలో ఇది తప్పే. వేపచెట్టు, చింతచెట్టు ఉన్నచోట ఇది పండుతుంది. బోడి గుట్ట ముందు ఏమీ జరగదు. సీమలో ఏమీ జరగని చోట్లే ఎక్కువ కాబట్టి, ఈ సుడికోసం వెతుక్కుంటూ పోయినవాడు చివరికి చెట్లు ఎక్కడున్నాయో ఊరివాళ్ళకంటే బాగా చెప్పగలడు.

ఎదురు వెలుగు ఇంకో పాఠం. 1970లకు ముందు లెన్సుల గాజుమీద ఎక్కువగా ఒకే వరస పూత ఉండేది. సూర్యుడికి ఎదురుగా పెడితే వెలుగు గాజుల మధ్య అటూఇటూ తిరిగి బొమ్మ అంతటా పలచటి తెర వేస్తుంది. గండికోటలో సాయంత్రం పెన్న లోయ అంచున నిలబడి పడమటికి తీస్తే ఎర్రరాతి గోడలు పాలలో ముంచినట్టు వస్తాయి. అరచేతిని లెన్సుకు గొడుగు పడితే తెర తొలగుతుంది, గోడల పగుళ్ళు తేలతాయి. తెర కావాలా, పగుళ్ళు కావాలా? అరచెయ్యి అడ్డం పెట్టాలా వద్దా అన్నది అక్కడే తేలాలి. ఎడిటింగ్‌లో డీహేజ్ అనే మీట ఒకటుంది, తెరను తగ్గిస్తుంది నిజమే. కానీ తెర కింద నమోదు కాని పగులును అది పుట్టించలేదు.

రా ఫైలు దగ్గరికి వద్దాం. అది ఇంకా ఫొటో కాలేదు, సెన్సర్ రాసుకున్న లెక్కల చిట్టా. 1976లో కొడాక్ ఉద్యోగి బ్రైస్ బేయర్‌కు పేటెంటు వచ్చిన అమరికే ఇవాళ్టికీ చాలా కెమెరాల్లో నడుస్తోంది. సెన్సర్‌మీది గళ్ళలో సగం ఆకుపచ్చను, పావువంతు ఎరుపును, పావువంతు నీలాన్ని మాత్రమే కొలుస్తాయి. ఒక్కో గడికి ఒక్క రంగే తెలుసు. మిగతా రెండు రంగులనూ పక్క గళ్ళను అడిగి సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. మనం చూసే రంగు ఫొటోలో మూడింట రెండువంతులు అలా అంచనా కట్టినదే. జేపెగ్ అయితే ఈ అంచనాలన్నీ కెమెరాయే చేసేసి, ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంచి, మిగతాది పారేస్తుంది. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి. నీడను పైకి లేపడానికి, రంగును జరపడానికి, ఆలోచన మార్చుకోవడానికి చోటు ఉంటుంది.

ఈ మెట్ల పంపకంలో ఒక మెలిక ఉంది. సెన్సర్ వెలుగును సూటిగా లెక్కపెడుతుంది కాబట్టి 16,384 మెట్లలో సగం, అంటే 8,192, అన్నిటికంటే ప్రకాశవంతమైన ఒక్క స్టాపుకే (వెలుగు రెట్టింపయ్యే ఒక అంచె) పోతాయి. దాని కింది స్టాపుకు అందులో సగం, దాని కిందిదానికి ఇంకో సగం. చీకటి భాగానికి మిగిలేది కొద్దిమెట్లే. సీమ మధ్యాహ్నంలో ఎదుట ఏముంటుంది? నెత్తిన తెల్లటి తలపాగా, దాని నీడలో నల్లటి ముఖం. తలపాగాకు కొలిస్తే ముఖం చీకటైపోతుంది. ముఖానికి కొలిస్తే తలపాగా తెల్లకాగితమైపోతుంది. ముఖాన్ని రా ఫైలులో పైకి తీసుకురావచ్చు, కొంచెం గరుకు వచ్చినా మనిషి మిగులుతాడు. తెల్లబోయిన తలపాగాలో మాత్రం నేత గానీ మడత గానీ మాపు గానీ వెతికినా ఉండదు. గడి నిండి పొర్లిపోయాక ఎంత పొర్లిందో ఎక్కడా రాసి ఉండదు.

మెట్ట సేద్యంలో కొన్ని పనులు ఆగుతాయి, కొన్ని ఆగవు. ఎరువు రేపు తోలొచ్చు, గట్టు ఎల్లుండి వేయొచ్చు, తొలకరి పదును మీద విత్తడం మాత్రం ఆరోజే. రా ఫైలు ఎంత ఉదారంగా కనిపించినా దాని స్వభావం ఇదే. రంగు ఉష్ణోగ్రత ఆగుతుంది, నీడ కొంతవరకు ఆగుతుంది. నిండిపోయిన తెలుపు ఆగదు, ఫోకస్ ఆగదు, నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నది ఆగదు, ఎదుటివాడి ముఖంలో ఆ క్షణం అసలే ఆగదు.

ఆగేవాటిలో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగును సరిదిద్దడం, చాలా తేలికైనదని అనుకుంటాం. రా ఫైలులో అది పక్కన అంటించిన చీటీ మాత్రమే, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అయితే దేనికి మార్చాలి? బెలుం గుహల్లో ఈ ప్రశ్న నిలదీస్తుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతల్లోకి ఎక్కించిన గుహలవి. దాదాపు నూరేళ్ళ తర్వాత, 1982, 83ల్లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. నల్ల సున్నపురాయి గోడలమీద ఇప్పుడు బంగారు రంగు విద్యుద్దీపాలు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కు నొక్కితే ఆ పసుపంతా పోయి రాయి దాని బూడిదరంగులో కనిపిస్తుంది. అది అసలు రంగా? సూర్యుడు ఎన్నడూ చొరని చోటికి సూర్యుడి రంగును కొలబద్దగా తీసుకెళ్ళడం ఏ న్యాయం? ఆ గుహను ఇంతవరకు చూసిన ప్రతి మనిషీ తన దీపం తానే తీసుకెళ్ళి చూశాడు. దివిటీ, లాంతరు, టార్చిలైటు, ఇవాళ్టి బల్బు. మనిషి పెట్టని రంగు ఆ చోటికి లేదు. నేను పసుపును సగానికి తగ్గించి ఆపాను, అక్కడ నా కన్ను అలవాటుపడ్డాక కనిపించినదానికి దగ్గరగా. అది నా తీర్పు. ఇంకొకరు ఇంకోలా ఆపితే వాదించను.

పాత లెన్సులవాళ్ళు చాలామంది తమది నిజాయితీ అనీ, ఎడిటింగ్ మోసమనీ అనేస్తుంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. కొత్త లెన్సుల సంగతి చూస్తే వాళ్ళ వాదనకు బలం ఉన్నట్టే కనిపిస్తుంది. చాలా మిర్రర్‌లెస్ లెన్సులు గీతలను వంచుతాయి, మూలలను చీకటి చేస్తాయి. వాటిని సరిచేసే లెక్కలు రా ఫైలులోనే దాగి ఉండి, తెరిచీ తెరవగానే సాఫ్ట్‌వేర్ చక్కబెట్టి చూపిస్తుంది. గాజు పనిలో కొంత గణితానికి అప్పగించి లెన్సును చిన్నదిగా, చౌకగా చేశారు. పాత లెన్సుకు ఆ సదుపాయం లేదు, తన వంకర తను మోసుకుని వస్తుంది. నా కెమెరా ఫైలులో దాని పేరు కూడా ఉండదు. ఫోకల్ లెంగ్త్ సున్నా, అపర్చర్ సున్నా. అయినంత మాత్రాన అది నిజం చెప్పినట్టు కాదు. వేపచెట్టు సుడి తిరగదు. టకుమార్ పసుపు ఎండది కాదు, థోరియానిది. వంకరకు వయసు వస్తే నిజం అయిపోదు.

చేతిపని మాత్రం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. కర్నూలు పాతబస్తీలో స్టూడియో నడిపి మానేసిన ఒక పెద్దాయన దగ్గర నెగెటివ్ టచింగ్ పెన్సిళ్ళు ఇంకా ఉన్నాయి. సూదిలా చెక్కిన మొనలు. లైట్ బాక్సు మీద నెగెటివ్ పెట్టి, కంటికింద నీడమీద చుక్కలు చుక్కలుగా సీసం పూసేవాళ్ళు. ఊటీ ఫ్యాక్టరీ ఇందు కాగితం మీద ప్రింటు వేస్తే ఆ నీడ మాయమయ్యేది.

"అందరికీ ఒగటే కోరిక నాయనా, కొంచెం తెల్లగా రావాల. తెల్లగ చేసేది సులువే. నల్లగ చేయాలంటేనే కష్టం, బ్లేడుతో గీకాల. చెయ్యి జారితే నెగెటివ్ పాయె" అన్నాడాయన.

ఈ మాట విన్నాక నాకు చాలా సంగతులు అర్థమయ్యాయి. నెగెటివ్‌మీద పూసిన సీసం ప్రింటులో తెలుపవుతుంది. పనిముట్టు స్వభావమే తెలుపువైపు మొగ్గి ఉంది, కోరిక కూడా అటే ఉంది, రెండిటికీ జత కుదిరింది. రంగుల కాలం వచ్చాక కూడా ఇదే వరస. కొడాక్ వాళ్ళు ల్యాబులకు పంపిన నమూనా కార్డుల్లో చాలాకాలం తెల్లజాతి స్త్రీయే ఉండేది. షర్లీ కార్డులని వాటికి పేరు. ఆమె చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా వచ్చినట్టు. ఇవాళ పెళ్ళి ఆల్బమ్‌లలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకే పిండితో చేసినట్టు కనిపించడానికి వెనక ఇంత చరిత్ర ఉంది. చేనులో పనిచేసిన మనిషి ముఖం నీడలోంచి పైకి లేపేటప్పుడు నేను చూసుకునేది ఇదే. ముఖం కనబడాలి, దాని రంగు మారకూడదు. లేపేకొద్దీ చర్మం బూడిదగా, ఎర్రగా జారుతుంది. దాన్ని రాగి నలుపులో నిలబెట్టడానికి పట్టే సమయం మిగతా పనులన్నిటికంటే ఎక్కువ.

మనుషులకు జరిగినట్టే నేలకూ జరిగింది. సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) లాంటి ఫ్యాక్షన్ సినిమాలు చూసిన తెలుగువాళ్ళకు సీమ అంటే ఎర్రటి దుమ్ము, దుమ్ములో సుమోలు. కొండారెడ్డి బురుజును చూడటానికి వచ్చేవాళ్ళలో చాలామందికి అది ఒక్కడు సినిమాలో ఫైటు జరిగిన చోటు. ఈ బొమ్మ మనసులో ఉన్నవాడు ఎడిటింగ్‌కు కూర్చుంటే చెయ్యి తనంతట తానే మీటను నారింజవైపు లాగుతుంది. పత్తికొండవైపు, రాయచోటివైపు ఎర్రనేల ఉన్నమాట నిజం. కానీ నంద్యాలనుంచి కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుదాకా నల్లరేగడి. బేతంచెర్ల నాపరాయి, కడప బండ బూడిదరంగులోనూ నలుపులోనూ ఉంటాయి. కేసీ కాలువ కింద వరి, పులివెందుల చుట్టుపక్కల అరటి, చీనీతోటలు. పచ్చకూ నలుపుకూ బూడిదకూ ఉన్న ఈ తేడాలన్నీ రా ఫైలులో ఉన్నాయి. ఒక్క ప్రీసెట్ నొక్కితే అన్నీ ఒకే ఎరుపులో కలిసిపోతాయి. కరువు మీద జాలిపడేవాడూ, ఫ్యాక్షన్ మీద మోజుపడేవాడూ ఒకే ప్రీసెట్ నొక్కుతారు.

రంగును ముందే తేల్చుకున్నవాళ్ళు ఎంత సాధించారో చూడాలంటే మాయాబజార్ (1957) ఉంది. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా, దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చేతిలో తెలుపూ నలుపూ తప్ప ఏమీ లేవు. ఆ సినిమా వెన్నెల ఇప్పటికీ చల్లగా ఉందంటే, ఏ బూడిదరంగు ఎక్కడ పడాలో దీపం పెట్టేటప్పుడే ఆయన తేల్చుకున్నాడు కాబట్టే. 2010లో ఆ సినిమాకు రంగులు అద్ది విడుదల చేశారు. శ్రమ పడ్డారు, ముచ్చటగానే ఉంది, పిల్లలు చూశారు. ఆ వెన్నెల రంగు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళది. బార్ట్లీ దాన్ని ఎవరికీ వాయిదాగా వదిలిపెట్టలేదు.

ఎడిటింగ్‌కు పద్ధతి కావాలంటే నేను ఫొటోగ్రఫీ పుస్తకాలకంటే ముందు కడపలో ఒక బంగళాను తలుచుకుంటాను. సి.పి.బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు, తర్వాత అక్కడే బంగళా కొని పండితులను సొంతఖర్చుతో పోషించాడు. ఒకే కావ్యానికి ఊరూరి నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించేవాడు. ఏ రెండు ప్రతులూ కలిసేవి కావు. లేఖకుడి నిద్రమత్తు, పురుగు తిన్న చోటు, ఎవరో చొప్పించిన పద్యం. పండితులు వాటిని పక్కపక్కన పెట్టి పాఠాలు పోల్చి, మెరుగైనదాన్ని నిలిపేవాళ్ళు. 1829లో వచ్చిన వేమన పద్యాల పుస్తకం వెనక ఉన్నది ఇలాంటి శ్రమే. బ్రౌన్ తీర్పులన్నీ సరైనవని ఎవరూ అనరు. ఆయన వదిలేసిన పద్యాల మీద, ఎంచుకున్న పద్యాల మీద వాదాలు నడిచాయి. వాదించగలిగాం ఎందుకంటే మూలప్రతులు మిగిలాయి. ఆ బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో లేచిన గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడూ పనిచేస్తున్నాయి.

రా ఫైలును నేను ఆ తాళపత్రాల వరసలో చూస్తాను. సాఫ్ట్‌వేర్ దాన్ని ముట్టుకోదు. మనం చేసిన ప్రతి మార్పూ పక్కన సూచనల పట్టీగా మాత్రమే ఉంటుంది. ఎవరైనా ఎప్పుడైనా మూలానికి వెళ్ళి, నా తీర్పు తప్పని చూపించవచ్చు. అందుకే రా ఫైళ్ళను పారేయను, రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచుతాను. ఫైలులో ఉండని సంగతులు, అంటే ఏ లెన్సు, ఎంత అపర్చర్, ఏ ఊరు, ఎన్నిగంటలప్పుడు అన్నవి నోటుపుస్తకంలో రాసుకుంటాను.

ఎక్కడ ఆపాలి అన్నదానికి ఒక పరీక్ష కూడా కుదిరింది. నాకు దాన్ని ఇచ్చింది నీళ్ళ హాస్యం ఆడిన ఆ కోవెలకుంట్ల రైతే. ఎడిట్ చేసిన ఫొటో ఫోన్లో చూపిస్తే తన ముఖాన్ని ఆయన పట్టించుకోలేదు. వెనక ఉన్న చేనును రెండువేళ్ళతో పెద్దదిచేసి చూశాడు.

"శనగాకు పండుబారినట్టుండాదే, అప్పుటికింకా పచ్చిగానే ఉండె గదప్పా" అన్నాడు.

సాయంత్రపు వెచ్చదనం కోసమని పసుపును కాస్త జరిపి ఉంచాను. ఆ కాస్తకే చేను నెలరోజులు ముందుకు పోయింది. స్వాతి కార్తెలో విత్తిన శనగ ఆకు ఎప్పుడు పచ్చగా ఉంటుందో, ఎప్పుడు పసుపు తిరిగి రాలుతుందో ఆయనకు తెలుసు. నాకు అందంగా కనిపించిన రంగు ఆయనకు కోతకు వచ్చిన పంట. అక్కడికక్కడే వెనక్కి తిప్పాను, రా ఫైలు కాబట్టి తిప్పగలిగాను.

అప్పటినుంచి నేల ఉన్న ఏ ఫొటోనైనా ఒకటే అడుగుతున్నాను. ఈ ఊరి మనిషి దీన్ని చూసి కార్తె ఏదో, పొద్దు ఎంత ఎక్కిందో చెప్పగలడా? చెప్పగలిగితే హీలియోస్ సుడి ఉన్నా, నీడలు లేపినా, గండికోట తెర అలాగే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. చెప్పలేకపోతే ఆ బొమ్మ ఎంతమంది మెచ్చినా అది మా చేనుది కాదు, దాని మీటలు మళ్ళీ సున్నాకు రావాలి. అలా సున్నాకు తెచ్చినప్పుడు ఏమి మిగులుతుందో అది పూర్తిగా చేను గట్టున తేలిపోయినదే. ఎక్కడ నిలబడ్డాను, దేనికి కొలిచాను, రింగు ఎక్కడ ఆపాను, ఎదుటి మనిషికి నవ్వేంత తీరిక ఇచ్చానా లేదా. ఇంటికెళ్ళాక చూసుకుందామని వీటిలో దేన్నీ వదిలెయ్యనివ్వదు కాబట్టే, అన్ని సుఖాలూ ఉన్న కెమెరాకు ఈ మొండి లెన్సును తగిలిస్తూ ఉంటాను.